రెండో నంబరు పట్టీ

"ఆ ఆకుపచ్చ చీర తీసెయ్యమ్మా. ఆస్పత్రిలో వాళ్ళ గౌనే వేస్తారు," అంది కూతురు.

టైలరమ్మ తియ్యలేదు. మడత మీద మడత వేసి సంచీ అడుక్కి తోసింది. నలభై ఏళ్ళపాటు ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి కుట్టిపెట్టిన మనిషి ఆమె. అందరికీ ఒకే కొలతతో కుట్టిన గౌను తలుచుకుంటేనే మనసొప్పడం లేదు.

"ఆ గౌన్లకి గుండీలుండవు. వీపు మీద ముడులు. మీ పిన్నికి వేసినప్పుడు చూశాగా."

పిన్ని మాట రాగానే ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఆస్పత్రి బండి పదకొండింటికి వస్తుంది. ఇదివరకు రేడియో ఉండే అరలో ఇప్పుడు ఆ తెల్ల డబ్బా కూర్చుని ఉంది. అరవై ఐదు దాటినవాళ్ళున్న ఇళ్ళకి ఆస్పత్రివాళ్ళు పెడుతున్నారంటే, నాలుగు నెలల కిందట కూతురే అడిగి పెట్టించింది. మణికట్టుకున్న పట్టీ నుంచి గుండె ఎలా కొట్టుకుంటోందో, ఎంత నిద్రపట్టిందో, ఎన్నడుగులు వేశారో దానికి చేరుతుంది. అది తనలో తాను ఆలోచించుకుని, ఎవరు బాగున్నారో ఎవరు బాగాలేరో ఆస్పత్రికి చెబుతుంది. ఇంట్లోవాళ్ళకీ చెబుతుంది, ఎంతో మర్యాదగా.

"అమ్మగారూ, బండి గంటన్నరలో వస్తుంది. కంగారు పడకండి. మీ గుండె వేగం పెరుగుతోంది," అంది డబ్బా.

"నాకేం కంగారు లేదు," అంది టైలరమ్మ దానివైపు చూడకుండానే.

నిజంగానే లేదు. కంగారూ కోపమూ నిన్నటితో అయిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఒట్టి నీరసం.

మూడు వారాలుగా ఇదే వరస. పొద్దున్నే లేచేసరికి "అమ్మగారూ, రాత్రి మీ గుండె మూడుసార్లు తడబడింది" అంటుంది. ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. తరవాత కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, బెల్టు తీసి దాచేశారు. ఆ తరవాత స్నానాలగది గడియ ఊడదీశారు, లోపల పడిపోతే ఎలా అని. డెబ్భై ఏళ్ళ మనిషి, తన ఇంట్లో తను, తలుపు ఓరగా వేసుకుని స్నానం చెయ్యాల్సి వచ్చింది. చివరికి ఆస్పత్రి నుంచి మాత్రలు వచ్చాయి. అవి మింగడం మొదలెట్టాకే ఆమెకి కళ్ళు తిరగడం మొదలైంది. కళ్ళు తిరుగుతున్నాయని చెబితే కూతురు "చూశావా!" అంది. నిన్న, వార్డులో చేర్చాలని ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది.

ఏ తలుపు తోసినా అదే గదిలోకి వచ్చిపడుతోంది ఆమె.

ఆమె భర్త, పెద్దాయన, సంగతి వేరు. "అయ్యగారూ, చాలా బాగుంది. ఇలాగే కొనసాగించండి" అనేది డబ్బా ఆయనతో. దాంతో బజారు సంచులు ఆయన చేతికొచ్చాయి. పైకి తెచ్చి, చెప్పులు విప్పుకునే బల్ల మీద పావుగంట కూలబడేవాడు. ఏమిటంటే ఎండ అనేవాడు. మబ్బుపట్టిన రోజునా ఎండే అన్నాడొకసారి.

"ఆ పట్టీ తొడుగు మాసిపోయిందమ్మా," అంది కూతురు. "మంచిది వేసుకో. నేను బస్సు డిపోకి ఫోన్ చేసి, ఇవాళ నా బదులు టైములు ఎవరు రాస్తారో కనుక్కుని వస్తా."

పట్టీల రబ్బరు ఒంటికి పడక పెద్దాయన చెయ్యి దద్దుర్లెక్కితే, టైలరమ్మే తొడుగులు కుట్టింది. ఆయనకి తన పాత ఖాకీ చొక్కాలోంచి, తనకి మిగిలిపోయిన జాకెట్టు ముక్కలోంచి. పట్టీలు రెండూ నల్లవే, ఒక అచ్చులో పోసినట్టుంటాయి. ఏది ఎవరిదో తెలిసేది తొడుగు రంగును బట్టే. ప్రతి ఆదివారం రెండు తొడుగులూ ఊడదీసి, ఉతికి, ఆరేసి, మళ్ళీ ఎక్కించేది. గుడ్డ విషయంలో ఆమె కళ్ళతో చూడదు. వేళ్ళతోనే పని.

ఇప్పుడు ఊడదీసేసరికి పట్టీ వెనక వేలికి గరుకుగా ఏదో తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

రెండు.

మొదటిరోజు వచ్చిన నర్సు చెప్పిన మాట చెవుల్లో మోగింది. "ఒకటి అమ్మగారిది. రెండు అయ్యగారిది. మార్చుకోకండి."

టైలరమ్మ గుండె గుభేలుమంది. డబ్బా మాత్రం ఏమీ అనలేదు. చెయ్యి ఖాళీగా ఉంది మరి.

మూడు ఆదివారాల కిందట, ఉతికిన తొడుగులు ఎక్కిస్తుండగా, కింద ఇంటివాళ్ళు పరదాల కొలతలు అడగడానికి వచ్చారు. ఎక్కిస్తూ మాట్లాడింది. మాట్లాడుతూ ఎక్కించింది. జాకెట్టు తొడుగులోకి ఆయన పట్టీ, ఖాకీ తొడుగులోకి తన పట్టీ వెళ్ళిపోయాయి. అంటే మూడు వారాలుగా తడబడుతున్న గుండె తనది కాదు. తను మింగుతున్న మాత్రలు తనవి కావు. మింగాల్సిన మనిషి బియ్యం బస్తా మోస్తున్నాడు.

"అమ్మలూ! ఇలా రావే! మీ నాన్నని చూడు ముందు!"

* * *

పెద్దాయన ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వీధిలో ఆయన్ని లిఫ్టాయన అంటారు. ముప్ఫై ఐదేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా ఆయనకే కబురు. తలుపు సందులో నోరు పెట్టి, "తలుపు మీద కొట్టకండి. గాలి ఉంది. నేను వచ్చేశాను," అనేవాడు. లోపల ఏడుస్తున్నవాళ్ళు ఆ గొంతు విని ఊరుకునేవారు.

"నాన్నా, నీ పట్టీ ఇలా ఇవ్వు," అంది కూతురు.

"ఎందుకూ?"

"అమ్మ ఏదో అంటోంది. తారుమారయ్యాయట."

"బిగుసుకుపోయింది. రాదు."

కూతురు కూర్చుని తనే విప్పింది. ఖాకీ తొడుగు ఊడదీసి వెనక్కి తిప్పింది. ఒకటి. చాలాసేపు దానివైపే చూసింది.

"మార్చెయ్యి," అంది టైలరమ్మ. "ఆయనది ఆయనకి పెట్టు, నాది నాకు పెట్టు. అదే చెబుతుంది."

మార్చారు. ముగ్గురూ అర ముందు నిలబడ్డారు, తీర్పు కోసం నిలబడ్డట్టు. డబ్బా మీద చిన్న దీపం వెలిగింది.

"పట్టీలు తారుమారైనట్టు గమనించాను," అంది డబ్బా.

"అద్గదీ!" అంది టైలరమ్మ.

"కొద్ది నిమిషాల కిందటే మారాయి. దయచేసి ఎవరి పట్టీ వారు ధరించండి. మూడు వారాలుగా అమ్మగారి గుండె తీరు, నడక తీరు నాకు బాగా తెలుసు. ఇప్పుడు అమ్మగారి పట్టీ అయ్యగారి చేతికి ఉంది."

టైలరమ్మ తన చేతి పట్టీ మళ్ళీ తిప్పి చూసింది. ఒకటో నంబరే.

తారుమారైనప్పుడు కనిపించిన తేడాని జబ్బు కింద కట్టి, మూడు వారాలు అది చదువుకుంది. ఆయన గుండెని ఈమెదిగా, ఈమె నడకని ఆయనదిగా వంటబట్టించుకుంది. ఇప్పుడు తప్పు దిద్దితే, దిద్దుబాటే దానికి తప్పుగా కనిపిస్తోంది.

"కాదే! ముందు తారుమారైంది, ఇప్పుడు సరిగ్గా ఉంది! అమ్మలూ, నువ్వైనా చెప్పవే దానికి!"

"రోగి పరికరం మార్చడానికి ప్రయత్నించినట్టు, తికమక పడుతున్నట్టు నమోదు చేస్తున్నాను. ఇది సహజమే అమ్మగారూ. భయం వద్దు."

కూతురు ఆస్పత్రికి ఫోన్ చేసింది. అక్కడ పలికింది కూడా అదే గొంతు, అదే మర్యాద. మనిషి కావాలంటే, బండితో వచ్చే నర్సు మనిషేనని చెప్పింది.

"అమ్మా," అంది కూతురు ఫోన్ పెట్టేసి. "పిన్ని కూడా ఇలాగే అంది. నాకేం కాలేదు, మీరే పొరబడుతున్నారు అంది. మనం నమ్మి వార్డు నుంచి ఇంటికి తెచ్చేశాం. నేను నమ్మాను. తెల్లారి కాఫీ కలిపి పట్టుకెళితే..."

"మీ పిన్ని వేరు, నేను వేరు."

"అమ్మమ్మ సంగతి ఎత్తితే ఆవిడా సరిగ్గా ఈ మాటే అందమ్మా. మా అమ్మ వేరు, నేను వేరు అని."

ఏం చెప్పినా చనిపోయిన చెల్లెలి మాటే అవుతోంటే టైలరమ్మ ఇంకేం చెబుతుంది?

కూతురు తండ్రివైపు తిరిగింది. "నాన్నా, నువ్వు చెప్పు. నీకేమైనా తెలుస్తోందా? ఆయాసం? గుండెలో దడ? రాత్రిళ్ళు మెలకువ?"

పెద్దాయన పేపరు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"నాకా? నాకేం కాలేదు."

కూతురు ఊపిరి పీల్చుకుంది. సంచీ మూతి కట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. అది ఎవరి మాటో ఆ పిల్లకి తట్టలేదు. టైలరమ్మకి తట్టింది.

* * *

"నావైపు చూడండి," అంది ఆమె.

ఆయన చూడలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

కిటికీ కింద వీధిలో ఎవరో కారు కడుగుతున్నారు.

"రెండో రోజే," అన్నాడు చివరికి. "రాత్రంతా నిద్రలేదు నాకు. గుండెలో పావురం దూరినట్టు ఒకటే కొట్టుకోవడం. పొద్దున్నే అది నిన్ను పలకరించింది, రాత్రి మీ గుండె తడబడింది అమ్మగారూ అని. తడబడింది ఎవరిదో నాకు తెలీదా? తొడుగు తీసి చూశాను."

"చూసి?"

"మళ్ళీ తొడిగేశాను."

టైలరమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది.

"పొయ్యి దగ్గర్నుంచి లాగేశారు నన్ను. మిషను మూసేశారు. తలుపు గడియ పీకేశారు. మీ మాత్రలు నాచేత మింగించారు. మీరు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు."

"నీకూ కాస్త విశ్రాంతి దొరుకుతుందిలే అనుకున్నానే."

"నా విశ్రాంతి మిమ్మల్నెవరు అడిగారు?"

"తీసుకుపోతారని అనుకోలేదు. మాత్రలతో సరిపెడతారనుకున్నా. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

"వచ్చిందిగా! ఇప్పుడైనా చెప్పచ్చుగా! ఇందాక అమ్మలు అడిగిందిగా మిమ్మల్ని!"

ఆయన చేతులు చూసుకున్నాడు. గ్రీజు ఎంత కడిగినా పోని గోళ్ళు.

"ఆ వార్డు తలుపు చూశావా నువ్వు? మీ చెల్లెలున్నప్పుడు? లోపలి వైపు పిడి లేదు. బయటివాళ్ళు నొక్కితేనే తెరుచుకుంటుంది. ముప్ఫై ఐదేళ్ళు ఇరుక్కున్నవాళ్ళ మొహాలు చూశానే నేను. తలుపు తీయగానే మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నన్ను అలా... వద్దు."

"నేనైతే ఇరుక్కున్నా ఫరవాలేదన్నమాట."

ఆయన పేపరు అందుకుని మళ్ళీ కింద పెట్టాడు.

"అమ్మగారూ," అంది అరలోంచి డబ్బా, ఎంతో మెత్తగా, "మీ గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది. కొంచెం కూర్చోండి."

టైలరమ్మ కూర్చునే ఉంది. ఆ గుండె ఎవరిదో ఆమెకి తెలుసు. చెయ్యి చాపి ఆయన మణికట్టు అందుకుందామనుకుంది. చాపలేదు. కింద బండి హారను వినిపించింది.

* * *

వచ్చిన నర్సు సన్నగా, హడావిడిగా, రాత్రి డ్యూటీ కళ్ళతో ఉంది. చక్రాల కుర్చీ విప్పింది. టైలరమ్మ చెప్పిందంతా తల ఊపుతూ వింది.

"రెండు నంబర్లూ చూపిస్తాను రామ్మా, నీ కళ్ళతో చూడు."

"చూస్తానండీ. కానీ పట్టీలు మార్చినట్టు ఇందాకే నా ఫోనుకి వచ్చింది. ఇప్పుడు ఏ నంబరు ఎవరి చేతికుందో చూసి ఏం లాభం? మూడు వారాల లెక్క ఒకవైపు, మీ మాట ఒకవైపు. నేను పై నుంచి కింద దాకా అందరికీ జవాబు చెప్పుకోవాలి. అక్కడ డాక్టరుగారు చూస్తారుగా, ఏమీ లేకపోతే పంపించేస్తారు. పదండి."

"ఎన్నాళ్ళకి?"

"అదీ... చూడ్డానికే వారం పడుతుందండీ."

వారం. వారంపాటు ఈయన మాత్ర లేకుండా, బస్తాలు మోస్తూ.

"నేను నడుస్తాను."

"కుర్చీలో కూర్చోవాలండీ. రూలు."

టైలరమ్మ కూర్చుంది. కూతురు సంచీ తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆ సంచీ తను కుట్టిందే. పరదా గుడ్డలో మిగిలిన ముక్క. ఇన్నేళ్ళూ దాంతో కూరలు తెచ్చుకుంది. గడప దాటుతూ ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే తిడుతుందో ఏడుస్తుందో ఆమెకే తెలీదు.

లిఫ్టులో కుర్చీ, నర్సు, కూతురు. తలుపు మూసుకోబోయి తెరుచుకుంది. మళ్ళీ మూసుకోబోయింది. మళ్ళీ తెరుచుకుంది.

"ఏంటిది, పాడైందా?" అంది నర్సు.

గుమ్మంలో ఒక పాత తోలు చెప్పు ఉంది. చెప్పులో కాలుంది.

"పాడవలేదు," అన్నాడు పెద్దాయన. "నా కాలుండగా మూసుకోదు. ఆ ఏర్పాటు నేనే బిగించా."

"కాలు తియ్యండి సార్. కింద బండి అడ్డంగా ఉంది."

"నాన్నా, ప్లీజ్!"

"అమ్మలూ, నేను అబద్ధం చెప్పా. పట్టీ నాదే. గుండె నాదే. మీ అమ్మకేం లేదు, గుండ్రాయిలా ఉంది."

కూతురు బిత్తరపోయింది. నర్సు మాత్రం నిట్టూర్చింది.

"ఇది రోజూ చూసేదే సార్. ఆవిణ్ణి తీసుకెళితే ఈయన నాదేనంటాడు, ఈయన్ని తీసుకెళితే ఆవిడ నాదేనంటుంది. ప్రేమ ఉండాల్సిందే, కానీ..."

"ప్రేమా గీమా కాదు," అంది టైలరమ్మ కుర్చీలోంచి. "నర్సమ్మా, నీ చేతికి వేళ్ళున్నాయిగా? ఆయన చెయ్యి ఒక్కసారి పట్టుకో. ఒక్క నిమిషం. డబ్బాలొద్దు, పట్టీలొద్దు. నేను వేళ్ళతోనే బతికాను, నువ్వూ అలాగే నేర్చుకునుంటావు మొదట్లో."

నర్సు ఆగింది. ఏమనుకుందో, పెద్దాయన మణికట్టు అందుకుని తన గడియారం చూసుకుంది.

పెదవులతో లెక్కపెడుతోంది. ఆగింది. మొదట్నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఆగింది. ఆమె మొహంలోంచి రాత్రి డ్యూటీ మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"సార్, మీరు కూర్చోండి," అంది. "ఇక్కడే. కింద కూర్చోండి. అమ్మా, మీరు లేవండి. కుర్చీ కావాలి."

ఎక్కించడానికి నిమిషం పట్టలేదు. బండిలో తోడుగా ఒక్కరికే చోటు. కూతురు వెళ్ళింది. వేరే సంచీ సర్దే వ్యవధి లేదు. దువ్వెన, పళ్ళబ్రష్షు, తువ్వాలు ఎవరివైతేనేం అని నర్సు అదే సంచీ ఆయన ఒళ్ళో పెట్టింది. అడుగున ఆకుపచ్చ చీర అలాగే ఉంది.

లిఫ్టు తలుపు మూసుకుంటుండగా ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"తలుపు మీద కొట్టకు," అన్నాడు. "గాలి ఉంది. నేను వచ్చేస్తాను."

ఆమె ఏమీ అనలేదు. కోపం ఇంకా నోటిలోనే ఉంది. ఏమైనా అనుంటే బాగుండేదని ఆమెకి నాలుగో అంతస్తు దీపం మూడుకీ, రెండుకీ, ఒకటికీ మారాక తోచింది.

ఇంట్లోకి వచ్చింది. ఖాళీ కుర్చీలో పేపరు.

"అమ్మగారూ, మీరు బండి ఎక్కలేదు," అంది డబ్బా. "మీ ఆరోగ్యం దృష్ట్యా ఒంటరిగా బయటికి వెళ్ళకండి. నేను మీతోనే ఉన్నాను."

* * *

ఆమె పేరు రోగుల జాబితాలోంచి తీయడానికి మూడు పనిదినాలు పడుతుందన్నారు. రోగుల జాబితాలో ఉన్న మనిషికి, చూడ్డానికి వచ్చేవాళ్ళ చీటీ రాదు. బుధవారం పొద్దున్న ఆమె ఆస్పత్రి గేటు దాకా వెళ్ళింది. గేటు దగ్గరి కెమెరా అద్దం ఆమె మొహం చూసి, చీటీ బదులు చక్రాల కుర్చీ పిలిచింది. కుర్చీ ఎక్కితే ఏ వార్డులో తేలుతుందో తెలీక ఆమె తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం కూతురు ఫోనులో, నాన్న నిద్రలో ఉన్నాడు, అడిగానని చెప్పమన్నాడు, అంది. నేను తిట్టానని చెప్పు, అంది టైలరమ్మ.

జాబితా శుక్రవారం మధ్యాహ్నం సరిచేశారు. సంచీ కూడా శుక్రవారమే వచ్చింది. చీర వేసిన మడత వేసినట్టే ఉంది.

లిఫ్టాయన తిరిగి రాలేదు. గురువారం ఉదయం ఏడూ ఇరవైకి పోయాడు.